అప్పు ఆమె పేర, పరిహారం ఆయన పేర

రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించిందామె. మొదటిది పొదుపు సంఘం అప్పు పుస్తకం. అందులో పేరు ఆమెది, సంతకం ఆమెది, మేకల కోసమని తీసుకున్న అప్పూ నెలనెలా కట్టిన కిస్తీల లెక్కా ఆమెవే. రెండోది వరదలో జీవాలు పోగొట్టుకున్నవాళ్ళ జాబితా నకలు. అందులో ఆమె ఇంటి నంబరు వుంది, చచ్చిపోయిన మేకల సంఖ్య వుంది, పేరు మాత్రం భర్తది. డబ్బు అతని ఖాతాలో పడింది. పడిన సంగతి ఆమెకు పక్కింటివాళ్ళు చెప్తే తెలిసింది. "మేకలు పోయినయ్, పైసలచ్చినయ్, కిస్తీ మాత్రం నేనే కడుతున్న అక్కా" అంది. కోపంగా కూడా అనలేదు. ఇందులో కొత్తేముంది అన్నట్టు అంది.

చెన్నూరు వైపు ఒక పల్లెలో సంఘం మీటింగు అయిపోయాక జరిగిన ఈ సంభాషణ తర్వాత, మిగతా ఆడవాళ్ళని కూడా అడిగాను. కాగితాలు దాచుకున్నవాళ్ళు కొందరే. కానీ కథ మాత్రం దాదాపు అందరిదీ అదే. ఈ సంచిక సంపాదకీయం ఇంకో విషయం మీద రాయాలనుకున్నదాన్ని, దీనిమీద రాయకుండా వుండలేకపోయాను.

2022 జులైలో గోదావరికీ, కడెం వాగుకీ వచ్చిన వరద ఉత్తర తెలంగాణలో ఎవరూ మర్చిపోయేది కాదు. 3 లక్షల క్యూసెక్కులు వదలగలిగిన కడెం ప్రాజెక్టు మీదకి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వచ్చాయి. కింద వూళ్ళని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. మంచిర్యాల పట్టణంలోకి, మంథనిలోకి నీళ్ళొచ్చాయి. చెన్నూరు, కోటపల్లి మండలాల్లో పంటచేలు రోజుల తరబడి నీళ్ళ కింద వున్నాయి. ఏడాది తిరిగేసరికి, 2023 జులై చివర్లో, కడెం మళ్ళీ ప్రమాదంలో పడింది. అదే వారంలో పక్కనున్న భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి వూరంతా తెల్లవారేసరికి నీళ్ళలో వుంది. మనుషులు మిద్దెలెక్కారు, కొందరు కొట్టుకుపోయారు. కొట్టాల్లో కట్టేసిన పశువులు కట్టేసినచోటే చచ్చిపోయాయి. పలుపు విప్పే వ్యవధి కూడా లేదు.

ఇలాంటప్పుడు ప్రభుత్వం ఇచ్చే డబ్బు దానం కాదు. దానికి విపత్తు సహాయ నిధి వుంది, నియమాలున్నాయి, రేట్లున్నాయి. 2015 నుంచి అమల్లో వున్న నియమాల ప్రకారం పాడి బర్రెకో ఆవుకో 30,000 రూపాయలు, ఎద్దుకి 25,000, గొర్రెకి గానీ మేకకి గానీ 3,000. 2022-26 కాలానికి కేంద్రం వీటిని 37,500, 32,000, 4,000గా సవరించింది. కోడికి 100 రూపాయలు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పాడి పశువుకి 50,000, గొర్రెకీ మేకకీ 5,000 ఇస్తామని ప్రకటించింది. పెంచినందుకు సంతోషమే. అయితే ఈ రేట్లకి ఒక పరిమితి కూడా వుంది. ఒక కుటుంబానికి పెద్ద పాడి పశువులైతే మూడింటికి, గొర్రెలూ మేకలూ అయితే ముప్ఫైకి మించి లెక్కలోకి రావు. మంద మొత్తం కొట్టుకుపోయినవాళ్ళకి ముప్ఫై ఒకటో గొర్రె నుంచి గొర్రె కాదన్నమాట.

ఈ నియమాల్లో 'కుటుంబం' అనే మాట వుంది. కుటుంబానికి మగవాడే పెద్ద అనీ, డబ్బు అతని ఖాతాలోనే వెయ్యాలనీ ఎక్కడా లేదు. అది రాతలో లేకుండానే అమలవుతున్న నియమం. వూళ్ళోకి వచ్చిన సిబ్బంది ఇంటిముందు నిలబడి "యజమాని ఎవరు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి ఆడవాళ్ళు కూడా భర్త పేరే చెప్తారు. అడిగినతను అడగడం పూర్తికాకముందే రాసేసుకుంటాడు. "ఈ మేకలు ఎవరు మేపుతారు? ఎవరి డబ్బుతో కొన్నారు?" అని అడిగితే జవాబు వేరేగా వుంటుంది. కానీ ఆ ఫారంలో అలాంటి గడి లేదు.

ఇక్కడ నేను నా తప్పు కూడా చెప్పుకోవాలి. పదిహేనేళ్ళ క్రితం డాక్టరేట్ పరిశోధన కోసం జగిత్యాల వైపు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసినప్పుడు నా ప్రశ్నావళిలో కూడా మొదటి గడి 'కుటుంబ పెద్ద' అనే వుంది. రెండో గడి 'పశుసంపద'. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి, పశువులన్నీ కుటుంబ పెద్దవే అని పట్టికలు గీశాను. స్త్రీల శ్రమ గురించి ఒక అధ్యాయం మొత్తం రాసిన దాన్నే, ఆస్తి లెక్క దగ్గరకొచ్చేసరికి రెవెన్యూ ఉద్యోగి గీసిన గీతలోనే నడిచాను. ప్రశ్నావళిని తప్పుపట్టినవాళ్ళు పరీక్షకుల్లో కూడా ఎవరూ లేరు. కాబట్టి మండల కార్యాలయంలో కూర్చున్న గుమాస్తాని ఒక్కడినే నిందించి వూరుకునే హక్కు నాకు లేదు.

గొర్రెలు మేపుకురావడం మగవాళ్ళ పని అని అందరూ అంటారు. మందతో అడవికి పోయేది, వేసవిలో కరీంనగర్ మెట్ట నుంచి గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల వైపు నడిచేది వాళ్ళే. కానీ మంద కనిపించని వేళల్లో జరిగే పని సంగతేమిటి? ఈనిన గొర్రెనీ పిల్లనీ ఇంటి దగ్గర వుంచుకుని సాకేది, తల్లి పాలివ్వని పిల్లకి వేరే గొర్రె పాలు తాపేది, దొడ్డి వూడ్చి పెండ ఎత్తేది, కాలు విరిగినదానికి కట్టుకట్టేది, మగవాళ్ళు వలస పోయిన నెలల్లో ముసలివాటినీ చూలువాటినీ చూసుకునేది ఆడవాళ్ళు. కురుమ ఇళ్ళల్లో గొంగడికి వున్ని వడికేది కూడా వాళ్ళే. మేకల సంగతికొస్తే మేపడం కూడా చాలాచోట్ల ఆడవాళ్ళదే, పిల్లలదే. కూలికి పోయే మనిషి రెండు మేకల్ని వెంట తోలుకుపోయి చేను గట్టున కట్టేసుకుంటుంది. బర్రె సంగతి చెప్పనక్కర్లేదు. గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పాలు పిండేది ఆమె. పాలకేంద్రం పుస్తకంలో పేరు ఎవరిదో మీకు తెలుసు.

వరద తర్వాత పని కూడా అంతే. నీళ్ళు తీసిన మర్నాడు తుమ్మ చెట్లకీ కంచెలకీ చిక్కుకున్న కళేబరాలు వెతికేది, గుర్తుపట్టేది ఆడవాళ్ళే. ఏ మేకకి ఏ చెవి చిరిగిందో, దేని కొమ్ము వంకరో వాళ్ళకే తెలుసు. కానీ పంచనామా జరిగేటప్పుడు సాక్షులుగా సంతకం పెట్టేది మగవాళ్ళు. కళేబరం దొరకకపోతే చచ్చినట్టు రుజువు లేదు. పశువుల డాక్టరు వచ్చేసరికి మూడు రోజులైతే పరీక్ష చెయ్యడానికి ఏమీ మిగలదు. వాసన భరించలేక, రోగాలొస్తాయన్న భయంతో పూడ్చేస్తే పరిహారం పోతుంది. ఫోటో తీసి పెట్టుకోండని ఇప్పుడు అంటున్నారు. ఫోను ఎవరి జేబులో వుంటుందన్నది మళ్ళీ మన ప్రశ్నే.

ఇంకో చిక్కు కూడా వుంది. మేక చావడం ఒకటే అయినా ఏ కారణంతో చచ్చిందన్నదాన్ని బట్టి ఒక్కో ఆఫీసుకి పోవాలి. వరదలో పోతే రెవెన్యూ వాళ్ళు. కరెంటు తీగ తగిలితే విద్యుత్ సంస్థ. పులి చంపితే అటవీశాఖ. రోగంతో పోతే బీమా వుంటే బీమా, అదీ చెవిలో ట్యాగు వున్నదానికే. లేకపోతే ఏమీ లేదు. ఇక పిడుగు. ఆదిలాబాద్‌లో వానాకాలం మొదట్లో చెట్టు కింద నిలబడ్డ మందల మీద పిడుగులు పడటం ఏటా వినే వార్తే. విపత్తు సహాయం కోసం కేంద్రం గుర్తించిన 12 విపత్తుల్లో వడగళ్ళు వున్నాయి, చలిగాలులు వున్నాయి, మన దగ్గర ఎన్నడూ పడని మంచుచరియలు కూడా వున్నాయి. 2022-26 నియమాల్లో పిడుగు లేదు. రాష్ట్రం తల్చుకుంటే తన నిధిలో పదోవంతు దాకా ఇలాంటి స్థానిక విపత్తులకి ఖర్చు పెట్టుకోవచ్చు. అంటే పిడుగుపాటుకి పరిహారం దొరకడం ఆ ఏటి ప్రభుత్వ దయ మీద ఆధారపడి వుంటుంది. చదువుకున్న మనకే ఇన్ని ఆఫీసుల లెక్క తేలడానికి సమయం పడుతుంది. అడవి అంచున వున్న గోండు, కోలాం ఆడమనిషికి తెలిసినదల్లా పొద్దున తోలిన మేక సాయంత్రం రాలేదన్నదే.

పులి సంగతి కొంచెం ఆగి మాట్లాడాలి. 2012లో కవాల్‌ను పులుల అభయారణ్యంగా ప్రకటించాక, మహారాష్ట్ర వైపు నుంచి పులుల రాకపోకలు పెరిగాక, ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ ప్రాంతాల్లో పశువులు పోవడం మామూలైంది. 2020 నవంబరులో ఇద్దరు ఆదివాసీ యువజనులు పులి బారిన పడ్డారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో పనిచేస్తున్న యువతి చనిపోయింది. పశువుని పులి చంపితే పరిహారం ఇస్తామని అటవీశాఖ చెబుతోంది, ఇస్తోంది కూడా. అయితే వేట జరిగింది అడవి లోపలా బయటా అన్న ప్రశ్న వస్తుంది. లోపల అయితే, 'నీ పశువు అక్కడ ఎందుకుంది?' అన్న రెండో ప్రశ్న వస్తుంది. పరిహారం అడగడానికి పోయిన మనిషి నేరం ఒప్పుకున్నట్టవుతుంది. మేపుకునే హక్కు అటవీ హక్కుల చట్టంలో, 2006లోనే, వుంది. ఆ హక్కు కాగితం చేతికి రాని ఆడమనిషి ఆ గేటు దాకా పోనే పోదు, చచ్చిన ఆవుని వదులుకుంటుంది.

కరువు దగ్గరకొస్తే లెక్క మరీ విచిత్రం. 2015లో రాష్ట్రంలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. కరీంనగర్ జిల్లా మండలాలు కూడా అందులో వున్నాయి. కరువులో పశువు సాధారణంగా చావదు, అమ్ముడుపోతుంది. గడ్డి లేక, నీళ్ళు లేక, డొక్కలు తేలిన బర్రెని వచ్చిన ధరకి సంతలో వదిలేస్తారు. చచ్చిపోయినవాటినే లెక్కపెట్టే సహాయ పద్ధతిలో ఈ అమ్మకాలు నష్టం కిందకే రావు. గడ్డి మోపు ఎక్కడ దొరుకుతుందా అని రోజుకి నాలుగు మైళ్ళు నడిచిన ఆడమనిషి శ్రమ సరేసరి, దానికి ఎటూ లెక్కలేదు.

ఇప్పుడు అప్పు దగ్గరకొద్దాం. నా దృష్టిలో అసలు విషయం ఇదే. గత ఇరవై ముప్ఫై ఏళ్ళలో పల్లెల్లో జీవాలు కొనడానికి డబ్బు ఎక్కువగా ఎక్కడినుంచి వస్తోంది? మహిళా పొదుపు సంఘాల నుంచి. బ్యాంకు లింకేజీ, 2011లో మొదలైన స్త్రీనిధి, వూరి సంఘం అంతర్గత అప్పులు, వీటన్నిట్లో బర్రెలు, గొర్లు, మేకలు అన్నవి ఎప్పుడూ వుండే పద్దులు. 'ఆదాయం వచ్చే పని' అని ప్రభుత్వమే ఫారంలో రాయిస్తుంది. ఆ అప్పు ఆమెకే ఇస్తారు, హామీ ఆమె తోటి ఆడవాళ్ళు. కిస్తీ ఆగితే అడిగేది ఆమెనే. వరద వచ్చిందని సంఘం మీటింగు ఆగదు. ఒక సభ్యురాలు కట్టకపోతే సంఘానికి గ్రేడు తగ్గుతుంది, మళ్ళీ అప్పు రాదు. కాబట్టి తోటి ఆడవాళ్ళే వచ్చి ఇంటిముందు కూర్చుంటారు. అంటే, అప్పు ఇచ్చేటప్పుడు ప్రభుత్వానికి ఆమె పేరు కావాలి. నష్టం లెక్కేసేటప్పుడు ఆ పేరు మర్చిపోతుంది. ఒకే జిల్లా కలెక్టరేటులో రెండు శాఖలు, ఒక శాఖ రికార్డులో ఆ మేక ఆమెది, ఇంకో శాఖ రికార్డులో ఆయనది.

నాతో మాట్లాడిన ఆడవాళ్ళలో కొందరు పరిహారం డబ్బు ఇంట్లో ఖర్చులకే వచ్చిందన్నారు. కొందరి ఇళ్ళల్లో పాత అప్పులకి పోయింది. కొందరిళ్ళల్లో ఎటుపోయిందో చెప్పడానికి ఇష్టపడలేదు. ఆ మౌనం ఏమిటో మన పాఠకులకి విడమర్చి చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో సారా మీద పోరాడినప్పుడు ఈ జిల్లాల ఆడవాళ్ళు కూడా వున్నారు.

గొర్రెల పంపిణీ పథకం గురించి రాయకపోతే ఈ కథ సగమే. 2017 జూన్‌లో మొదలైన ఆ పథకంలో గొల్ల, కురుమ సంఘాల సభ్యులకి ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ ఒక యూనిట్‌గా, 1,25,000 రూపాయల ఖర్చుతో, అందులో 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు. మిగతా 31,250 లబ్ధిదారు కట్టాలి. 2021లో యూనిట్ ధర 1,75,000 అయింది, కట్టాల్సింది 43,750 అయింది. రెండో విడత మొదలుపెట్టిన చోటు కరీంనగర్ జిల్లా, కాలం హుజూరాబాద్ ఉపఎన్నికకి ముందు. ఆ సంగతి మీకు గుర్తుండే వుంటుంది. 2019 పశుగణనలో రాష్ట్రంలో గొర్రెల సంఖ్య కోటీ 90 లక్షలు దాటి దేశంలో మొదటి స్థానం వచ్చిందని పెద్దగా చెప్పుకున్నారు.

ఆ 31,250 ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. నేను తిరిగిన పల్లెల్లో చాలా ఇళ్ళల్లో అది సంఘం అప్పు. కొన్నిచోట్ల పుస్తెల తాడు. సొసైటీ సభ్యత్వం మటుకు మగవాళ్ళ చేతుల్లోనే వుంది. నేను చూసిన జాబితాల్లో ఆడ పేరు కనిపిస్తే, అది భర్త చనిపోయాక బతిమాలి ఎక్కించుకున్న పేరే. పైగా గొర్రెలు ఆంధ్ర వైపు నుంచీ, కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ లారీల్లో వచ్చాయి. ఇక్కడి గడ్డికీ ఎండకీ అలవాటుపడక, దారిలో నలిగి, కొన్ని దిగిన వారంలోనే పోయాయి. వాటి పక్కన రాత్రుళ్ళు మేలుకుని కూర్చున్నది ఆడవాళ్ళు. వచ్చిన గొర్రెలకి వున్ని కూడా లేదు, వడకడానికి. నల్ల గొర్రె తగ్గిపోతున్న కొద్దీ గొంగడి పనితో ఆడవాళ్ళకి వచ్చే కాస్త సొంత సంపాదన కూడా పోతోందని ఒక పెద్దావిడ అంది. పథకం రాసినవాళ్ళకి అది తట్టివుండదు.

2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఈ పథకంలో ఏం జరిగిందో చాలావరకు బయటపెట్టింది. గొర్రెలు తెచ్చినట్టు చూపించిన లారీల నంబర్లు చూస్తే కొన్ని మోటారు సైకిళ్ళవి, ఆటోలవి, అంబులెన్సులవి. ఒకే చెవి ట్యాగు నంబరు ఒకటికి మించిన గొర్రెలకి వుంది. ఆ ఏడాదే అవినీతి నిరోధక శాఖ కేసులు పెట్టింది, అధికారుల్ని అరెస్టు చేసింది. ప్రభుత్వం మారింది, పథకం ఆగింది, డీడీలు కట్టి ఎదురుచూస్తున్నవాళ్ళు తమ డబ్బు తమకివ్వమని తిరగాల్సి వచ్చింది. పత్రికలన్నీ కుంభకోణం గురించి రాశాయి, రాయాల్సిందే. డీడీ కోసం చేసిన అప్పు మీద వడ్డీ కట్టిన ఆడవాళ్ళ గురించి నేను ఎక్కడా చదవలేదు.

చిన్న లెక్క ఒకటి. 1,75,000ని ఇరవై ఒకటితో భాగిస్తే ఒక్కో జీవానికి 8,333 రూపాయలు. రవాణా, బీమా, దాణా తీసేసినా తక్కువేం కాదు. ఆ ధర కట్టిన 2021లోనే, వరదలో ఆ గొర్రె చచ్చిపోతే దాని ఖరీదు 3,000. ప్రభుత్వం తాను పంచే గొర్రెకి ఒక ధర, వరద మింగిన గొర్రెకి ఇంకో ధర కడుతుంది. విపత్తు సహాయం నష్టపరిహారం కాదు, తాత్కాలిక వూరట మాత్రమే అని అధికారులు అంటారు. నియమాల్లో అలాగే వుంది. అయితే ఆ తాత్కాలిక వూరట వచ్చేదాకా ఆర్నెల్లు ఎదురుచూసే కుటుంబానికి ఆ తేడా ఎలా చెప్పాలో నాకైతే తెలియదు.

ఇంతవరకూ చెప్పిన వాళ్ళందరికీ కనీసం ఇంట్లో ఒక పేరైనా జాబితాలో వుంది. అసలు పేరే లేనివాళ్ళున్నారు. పాలుకు పెంచేవాళ్ళు. వూళ్ళో కాస్త కలిగినవాళ్ళ మేకని తెచ్చి, సాకి, ఈనిన పిల్లల్లో సగం తాము వుంచుకునే ఒంటరి స్త్రీలు, భర్త చనిపోయినవాళ్ళు, ఎక్కువగా దళిత స్త్రీలు. మేక పోతే పరిహారం సొంతదారుకి. ఆమె రెండేళ్ళ చాకిరీకి, కడుపులో వున్న పిల్లలో ఆమె వాటాకి విలువ లేదు. కౌలు రైతుకి జరిగేదే ఇక్కడ ఇంకా చిన్న స్థాయిలో, ఇంకా కంటికి కనిపించకుండా జరుగుతోంది. గొర్రెల పథకం ఒక కులానికని పెట్టారు. మేకలు పెంచే మాదిగ, ఆదివాసీ స్త్రీల కోసం అంత పెద్ద పథకం ఏదీ రాలేదు. మేక అంటే అడవి తినేస్తుందని అధికారులకి మొదటినుంచీ కోపం కూడా.

ఇది చదువుతుంటే మీలో చాలామందికి రైతు ఆత్మహత్యల కుటుంబాలతో పనిచేసిన రోజులు గుర్తొస్తాయి. 2004లో జీవో 421, 2015లో జీవో 194 వచ్చాయి, సాయం మొత్తం 6 లక్షలకి పెరిగింది. కానీ చనిపోయినది స్త్రీ అయితే, ఆమె పేర పట్టా లేకపోతే, ఆమె రైతు కాదు. ఆమెది 'కుటుంబ కలహం'. భర్త చనిపోయిన స్త్రీకి డబ్బు వస్తే అత్తింటివాళ్ళు వాటా అడిగారు. 2018లో వచ్చిన రైతు బీమా కూడా పట్టాదారుకే. భూమి విషయంలో ఈ వాదన మనం ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాం. కనీసం భూమికి ఒక పాసుపుస్తకం వుంటుంది, దానిమీద పేరు మార్పించమని అడగొచ్చు. మేకకి పాసుపుస్తకం లేదు. కాబట్టి పేరు లేకపోవడం కూడా కనిపించదు.

ఇదేదో మన వెనకబాటుతనం అనుకోవద్దు. అమెరికాలో కరువొచ్చినా, కార్చిచ్చొచ్చినా పశువుల పెంపకందార్లకి ప్రభుత్వం అత్యవసర సాయం కింద కోట్ల డాలర్లు ఇస్తుంది. ఆ డబ్బు పంచేది వాళ్ళ వ్యవసాయ శాఖ. ఆ శాఖే తమకి అప్పుల్లో వివక్ష చూపిందని నల్లజాతి రైతులు వేసిన దావాలో 1999లో రాజీ కుదిరింది. స్త్రీ రైతులు 2000లో తమ దావా వేశారు, ఏళ్ళ తరబడి నడిపారు. 'మీ ఆయన్ని తీసుకురా' అన్న మాట అక్కడి కౌంటర్ల దగ్గర కూడా విన్నామని ఆ స్త్రీలు చెప్పుకున్నారు. చివరికి 2024 జులైలో, వివక్షకి గురైన 43,000 మందికి పైగా రైతులకి సుమారు 200 కోట్ల డాలర్లు చెల్లించామని ఆ శాఖ ప్రకటించింది. ఇన్నేళ్ళు పట్టింది. అయినా, ఎవరికి ఇవ్వలేదో లెక్క తియ్యడం సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఈ విషయం మాట్లాడినప్పుడు మిత్రులు రెండు అభ్యంతరాలు చెప్పారు. మొదటిది, ఆమె ఖాతాలో వేసినా అతనే ఏటీఎం కార్డు తీసుకుపోతాడు కదా అన్నది. తీసుకుపోవచ్చు. కానీ ఆమె పేర వచ్చిన డబ్బు లాక్కోవడానికి, అతని పేర వచ్చిన డబ్బు ఆమెకి చెప్పకపోవడానికి తేడా వుంది. మొదటిదాని గురించి ఆమె సంఘంలో నిలబడి మాట్లాడగలదు. రెండోదాని గురించి ఏమని మాట్లాడుతుంది? రెండో అభ్యంతరం గొల్ల కురుమ సంఘాల్లో పనిచేసేవాళ్ళది. మేతభూములు పోతున్నాయి, చెరువు శిఖాలు పోతున్నాయి, హరితహారం పేరుతో మొక్కలు పెట్టి మందల్ని రానివ్వలేదు, ఇంత పోరాటం ముందుంచుకుని ఇంట్లో ఆడ మగ తగువు ఎందుకు పెడతారు అని. దీనికి నా దగ్గర నెమ్మదైన జవాబు లేదు. మేతభూమి పోతే గడ్డి కోసం ఇంకో మైలు ఎక్కువ నడిచేది ఎవరో వాళ్ళకీ తెలుసు. తగువు మేం పెట్టలేదు, జాబితాలో ముందునుంచీ వుంది.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కాదు. పొదుపు సంఘం అప్పు పుస్తకాన్ని జీవాల యాజమాన్యానికి రుజువుగా తీసుకోవాలి. జీవాల కోసం ఏ స్త్రీ పేర అప్పు నడుస్తోందో ఆమె ఖాతాలోనే పరిహారం వెయ్యాలి, లేదంటే ఇద్దరి ఉమ్మడి ఖాతాలో. పంచనామా మీద సంఘం ఆడవాళ్ళిద్దరి సంతకం వుండాలి. కొట్టుకుపోయిన జీవాలకి కళేబరం చూపించమనకుండా, సంఘం ఇచ్చే ధ్రువీకరణ సరిపోవాలి. పాలుకు పెంచేవాళ్ళకి సగం వాటా రాయాలి. నోటిఫై అయిన విపత్తులో జీవాలు పోయిన సభ్యురాలికి ఏడాదిపాటు కిస్తీ ఆపాలి, ఆపినందుకు సంఘం గ్రేడు తగ్గకూడదు. పిడుగుని రాష్ట్ర విపత్తుల్లో కచ్చితంగా, ఏటికేడు దయ అక్కర్లేకుండా చేర్చాలి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అవసరం లేదు, కలెక్టరు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ఒక మండలంలో ఈ మాట అధికారికి చెప్తే, "మాకు ఇబ్బంది లేదు మేడం, పైనుంచి రాలేదు" అన్నాడు. పైవాళ్ళని అడిగితే కిందనుంచి రాలేదంటారు.

కిందనుంచి పంపాల్సింది మనమే కాబట్టి ఒక పని అడుగుతున్నాను. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల్లో పనిచేస్తున్న సంఘాల మిత్రులు తమ వూళ్ళల్లో 2022 తర్వాత జీవాల నష్టానికి పరిహారం వచ్చిన ఇళ్ళని చూడండి. ప్రతి ఇంటికీ నాలుగు సంగతులు రాస్తే చాలు. పోయిన జీవాలు ఎన్ని, వాటిని ఎవరు సాకేవాళ్ళు, కొన్న అప్పు ఎవరి పేర వుంది, పరిహారం ఎవరి ఖాతాలో పడింది. పాలుకు పెంచేవాళ్ళని వేరే కాగితం మీద రాయండి, వాళ్ళు అడిగితే తప్ప చెప్పరు. ఆడవాళ్ళ పేర్లు, ఇంటి నంబర్లు మాకు పంపకండి, వూరూ మండలమూ వుంటే సరిపోతుంది. వచ్చే సంచికకి వేళకి అందితే ఆ లెక్కలతోనే జిల్లా అధికారుల దగ్గరికి పోదాం. వానాకాలం మొదలవకముందే పోవాలి.